వైద్యురాలి నిద్ర చెడగొట్టిన కోతి

చీనా దేశంలో, మబ్బులు కూడా ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయేంత ఎత్తున, యున్‌లిన్ అనే అడవి ఉంది. మబ్బుల అడవి అని ఆ పేరుకు అర్థం. అందులో వెదురు పొదలు, దేవదారు చెట్లు, అడవి అక్రోటు చెట్లు ఉండేవి. వాటి కింద కుందేళ్లు, ముళ్లపందులు, కస్తూరి జింకలు కాపురం చేసేవి. చెట్ల మీద బంగారు రంగు జుట్టు, నీలం రంగు ముఖం ఉన్న కోతులు ఉండేవి. నీలం ముఖమేమిటని నవ్వకండి. అవి మన ముఖాలు చూస్తే ఇంకా ఎక్కువ నవ్వుతాయి.

ఆ అడవికి చలికాలం అడుగుల చప్పుడు లేకుండా వచ్చేది. ఒకనాడు పొద్దున్నే లేచి చూస్తే వాగు మీద పల్చని మంచుపొర కట్టి ఉండేది. ఆ తర్వాత మంచు కురవడం మొదలయ్యేది. కురిసి కురిసి చప్పుళ్లన్నిటినీ కప్పేసేది. పక్షి రెక్క విదిలించినా, ఎండుకొమ్మ విరిగినా, అది ఎవరి కలలోనో జరిగినట్టు వినిపించేది.

ఆ అడవికి ఒక వైద్యురాలు ఉండేది. ఆమె పేరు మో అవ్వ. ఆమె ఒక నల్ల ఎలుగుబంటి. మెడ కింద మాత్రం నెలవంక లాంటి తెల్లమచ్చ ఉండేది. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఆమె మూడు వేళ్లు మణికట్టు మీద ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు నాడి వినేది. తర్వాత నాలుక చాపమనేది. ఆపైన జబ్బు ఏమిటో, అది ఎటునుంచి వచ్చిందో చెప్పేది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. జబ్బులు వచ్చేది చలికాలంలో. ఎలుగుబంట్లు నిద్రపోయేదీ చలికాలంలోనే. మరి వైద్యం ఎలా?

మో అవ్వ నిద్రలోనే వైద్యం చేసేది. అది ఆ అడవి ఆచారం. మధ్యాహ్నం ఎండ ఆమె గుహ లోపలికి పడే వేళ, బాధ ఉన్నవాళ్లు అక్కడికి వెళ్లేవాళ్లు. కొండ కింద ఒక వేడినీటి ఊట ఉండేది. అందులో కాగిన రాయి ఒకటి తెచ్చి అవ్వ పాదాల దగ్గర పెట్టేవాళ్లు. తర్వాత ఆమె చెవి దగ్గర కూర్చుని మెల్లగా తమ బాధ చెప్పుకునేవాళ్లు. కాసేపటికి అవ్వ నిద్రలోనే ఏదో గొణిగేది. ఆ గొణుగుడే మందు.

ఒకసారి కుందేలు వెళ్లి, "అవ్వా, పాదాలు మంచుగడ్డలైపోతున్నాయి. నిద్ర పట్టడం లేదు" అంది.

అవ్వ గురక ఆగింది. "ఊట నీళ్లు... గోరువెచ్చగా... పొద్దు గూకేముందు పాదాలు నానబెట్టు... అల్లం ముక్క చితక్కొట్టి వెయ్యి..." అని గొణిగింది. కుందేలు లేచి వెళ్లబోతుంటే, "తుడుచుకోవడం మరిచిపోకు..." అని కూడా అంది. మళ్లీ గురక మొదలైంది.

ఆ గుహకు ఒకే ఒక్క కట్టుబాటు ఉండేది. ఏం జరిగినా మో అవ్వను లేపకూడదు. ఆకులు రాలే రోజుల్లో తిన్నదంతా ఆమె ఒంట్లో దాచుకునేది. నిద్రలో దాన్ని కొంచెం కొంచెంగా వాడుకుంటూ వసంతం దాకా గడిపేది. మధ్యలో లేస్తే ఆమెతోపాటు ఆకలీ లేస్తుంది. మంచు కింద ఎలుగుబంటికి సరిపడే తిండి ఎక్కడ దొరుకుతుంది? నిద్ర చెడితే ఆమె ప్రాణానికే ముప్పు. ఈ సంగతి అడవిలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

నిద్రకు వెళ్లే ముందు మో అవ్వ ఏటా అందరినీ పిలిచి నాలుగు మంచిమాటలు చెప్పేది.

"పిల్లలూ, ఇది ఖర్చుపెట్టే కాలం కాదు, దాచుకునే కాలం. చెట్టును చూడండి. తన రసమంతా వేళ్లలోకి దించేసుకుంది. వాగును చూడండి. పైన తలుపు వేసుకుని లోపల పారుతోంది. మీరూ పొద్దుతో పడుకోండి, ఎండ వచ్చాకే లేవండి. మెడ, నడుము, పాదాలు వెచ్చగా ఉంచుకోండి. నడుము దగ్గర చిక్కుడు గింజల్లా రెండు మూత్రపిండాలు ఉంటాయి. మన బలమంతా దాచే గాదెలు అవే. చలి వాటినే వెతుక్కుంటూ వస్తుంది. చెమట పట్టేదాకా గెంతకండి. చెమట వెంట లోపలి వెచ్చదనమూ వెళ్లిపోతుంది. వెచ్చనివి తినండి. నల్లగింజలు తినండి. మనసును కూడా కాస్త ముడుచుకోండి. ఏదో మంచి కబురు తెలిసి, దాన్ని పైకి చెప్పకుండా లోపల్లోపల మురిసిపోయేవాళ్లలా ఉండండి."

ఆ దేశపు పాతకాలం వైద్యులు మనుషులకూ దాదాపు ఇవే మాటలు చెప్పేవారట. మంచి మాట ఎలుగుబంటి చెబితేనేం, మనిషి చెబితేనేం?

అందరూ తలలూపారు. తల ఊపనిది ఒక్క హువో.

హువో పడుచు మగకోతి. హువో అంటే ఆ దేశపు భాషలో నిప్పు. పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. ఆ ఒంటికి నిలకడ అనేది లేదు. కూర్చుంటే కాలు ఊపేవాడు, నిలబడితే తోక ఊపేవాడు. కానీ దూకడంలో అతణ్ని మించినవాడు లేడు. అది మాత్రం ఒప్పుకోవాలి.

ఆ కోతులకు ఏటా వసంతంలో ఒక గండం ఉండేది. అడవి మధ్యలో లోతైన ఇరుకు లోయ ఉంది. చలికాలమంతా కోతులు లోయకు ఇవతల, గాలి తగలని పక్క ఉండేవి. మంచు కరిగేసరికి ఇవతల తినడానికి చెట్ల బెరడు కూడా మిగిలేది కాదు. అవతల ఎండ పడే పక్క లేత చిగుళ్లు వచ్చేవి. అప్పటికి లోయలో మంచు కరిగి, రాళ్ల మధ్య నీళ్లు సుడులు తిరుగుతూ పోతుండేవి. ఇవతలి బండ మీంచి అవతలి బండ మీదికి ఒక్క దూకు దూకాలి. పిల్లల్ని వీపున వేసుకుని మరీ దూకాలి. దూకలేనివాళ్లు కొండ చుట్టూ నడిచి రావాలి. అలా వచ్చేసరికి చిగుళ్లు ముదిరిపోయేవి.

హువోకు ఒక కూతురు. పేరు యాయా. పోయిన వసంతం చివర్లో పుట్టింది. "నా కూతుర్ని నా వీపు మీదే దాటిస్తాను. అడవంతా నోరు తెరుచుకుని చూడాలి" అని హువో ఆకులు రాలేటప్పుడే అందరితో చెప్పాడు. కోతులన్నీ చప్పట్లు కొట్టాయి. అసలే కోతి, ఆపైన చప్పట్లు. ఇంక ఆగుతాడా?

లోయ నిండా మంచు పేరుకోగానే హువో సాధన మొదలుపెట్టాడు. కింద మెత్తని మంచు ఉంది కాబట్టి పడినా భయం లేదు. ఎండ రాకముందే లేచి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దూకేవాడు. ఒళ్లంతా చెమట కారేది. ఆ చెమటతోనే మంచులో పడి దొర్లేవాడు. కొమ్మ మీదే గడ్డకట్టిన పళ్లు కోసుకుని కరకర నమిలేవాడు. చూసేవాళ్లకు పళ్లు జిల్లుమనేవి.

హువో భార్య పేరు లియన్. ఆమె తీరే వేరు. ఎండ కొమ్మ మీదికి వచ్చేదాకా ఆమె కళ్లు తెరిచేది కాదు. లేచాక యాయాను ఒళ్లో వేసుకుని ఎండకు వీపు పెట్టి కూర్చునేది. అక్రోట్లు, ఎండు రేగుపళ్లు, నల్ల చిక్కుడు గింజలు వేడిరాయి మీద పెట్టి, వెచ్చబడ్డాక నెమ్మదిగా నమిలేది. పొద్దు వాలుతుంటే ఊట దగ్గరికి వెళ్లి తల్లీకూతుళ్లు పాదాలు కడుక్కుని, తుడుచుకుని వచ్చేవాళ్లు. చీకటి పడేసరికి ఎండిన నాచు నడుముకు చుట్టుకుని పడుకునేవాళ్లు. పొగమంచు మెల్లగా వచ్చి ఆ చెట్టును, ఆ నిద్రను కలిపి కప్పేది.

"అప్పుడే ముసలమ్మవైపోయావే లియన్!" అని హువో నవ్వేవాడు. "ఇలా కూర్చుంటే కాళ్లు మొద్దుబారిపోతాయి. రేపు వసంతంలో ఎలా దూకుతావు?"

"మట్టిలో కూర్చున్న గింజ మొద్దుబారిపోతుందా?" అనేది లియన్. "నువ్వూ కాసేపు కూర్చోవయ్యా. ఆ చెమట తుడుచుకో. మెడకు గాలి తగులుతోంది."

"నాకు చలంటే ఏమిటో తెలియదు!"

"చలికి నువ్వు తెలుసు" అనేది లియన్.

ఒకనాడు హువో బాగా చెమటపట్టి బండ మీద నిలబడి ఉన్నాడు. సన్నటి గాలి ఒకటి దేవదారు చెట్ల మధ్య నుంచి వచ్చింది. పెద్ద గాలేం కాదు. అది అతని మెడ వెనక నుంచి లోపలికి జొరబడింది. ఒక్కసారి వణుకు వచ్చి తగ్గింది. హువో దాన్ని లెక్కచేయలేదు.

ఆ తర్వాత దగ్గు వచ్చింది. నడుము పట్టేసింది. ఒళ్లు అలిసినా నిద్ర పట్టేది కాదు. ఎంత గట్టిగా దూకినా అవతలి బండ అందేది కాదు. మంచులో పడేవాడు. లేచి అటూ ఇటూ చూసి, ఎవరూ చూడలేదని ఊపిరి పీల్చుకునేవాడు. బలం తగ్గిందని ఇంకా ఎక్కువ దూకేవాడు. ఎక్కువ దూకేకొద్దీ బలం ఇంకా తగ్గేది. కాళ్లు అతనివే అయినా అతని మాట వినడం మానేశాయి.

హువోకు భయం పట్టుకుంది. దూకలేకపోతే అందరూ ఏమనుకుంటారు? కూతుర్ని ఎలా దాటించాలి? లియన్‌తో చెప్పడానికి సిగ్గు అడ్డొచ్చింది. ఎవరికీ చెప్పకుండా మో అవ్వ గుహకు వెళ్లాడు. తొందరలో వేడిరాయి తీసుకుపోవడం కూడా మరిచిపోయాడు.

గుహలో ఎండుగడ్డి వాసన, తేనె వాసన కలిసి వస్తున్నాయి. మో అవ్వ పడుకుని ఉంది. ఆమె ఊపిరి లోపలికి వెళితే ఎక్కడికి వెళుతుందో తెలియనంత లోతుకు వెళ్లేది. మళ్లీ ఎప్పుడో తీరిగ్గా బయటికి వచ్చేది. ఇంకెవరైనా అయితే ఆ ఊపిరి విని కాసేపు కూర్చుండిపోయేవాళ్లే.

హువో చెవి దగ్గరికి వంగి, "అవ్వా, నాకు దూకే బలం కావాలి. రేపటికల్లా కావాలి" అన్నాడు.

గురక ఆగింది. "నిద్రపో..." అంది మో అవ్వ.

"అది కాదవ్వా. మందు. మందు చెప్పు."

"నిద్రపో... నాయనా..."

హువోకు ఒళ్లు మండింది. నిద్రపోయేవాళ్లకు నిద్ర తప్ప ఇంకేం గుర్తొస్తుంది అనుకున్నాడు. మెలకువగా ఉంటే మంచి మందు చెబుతుంది అనుకున్నాడు. అవ్వ భుజం పట్టుకుని ఊపాడు. ఆమె లేవలేదు. గుహ బయటి నుంచి గుప్పెడు మంచు తెచ్చి ఆమె ముక్కు మీద వేశాడు. చెవిలో, "లే అవ్వా!" అని అరిచాడు.

ఈ మాట చెబుతుంటే నాకే కోపం వస్తోంది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

మో అవ్వ కళ్లు తెరిచింది.

ఆమె లేచి కూర్చుని, ఇది ఏ కాలమో తెలియనట్టు గుహ బయట తెల్లగా పరుచుకున్న మంచును చూసింది. తర్వాత హువోను చూసింది. తిట్టలేదు. అతని చెయ్యి లాక్కుని మూడు వేళ్లతో నాడి పట్టింది.

"నాలుక చాపు" అంది. చూసింది. "గాదె ఊడ్చేశావు నాయనా. చలిలో చెమటలు కార్చి, చలివే తిని, నిద్ర మాని, ఉన్నదంతా తగలేశావు. ఇప్పుడు అడుగున గీకుతున్నావు. నీకు నిద్రే మందు. అదే చెప్పాను కదా."

హువో ఆమె ముక్కు మీది మంచు తుడవబోయాడు.

అప్పుడు మో అవ్వ కడుపులో ఒక చప్పుడైంది. బండ దొర్లినట్టు గుడగుడమని చప్పుడైంది. అవ్వ తన కడుపు మీద చెయ్యి వేసుకుని, "అయ్యో, ఇదీ లేచింది" అంది మెల్లగా. ఆకలి లేచింది.

కబురు అడవంతా పాకింది. గుహ ముందు అందరూ చేరారు. ఎవరూ హువో వంక కన్నెత్తి చూడలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది అతనికి. ముళ్లపంది దాచుకున్న దుంపలు తెచ్చింది. కుందేలు ఎండు రేగుపళ్లు తెచ్చింది. లియన్ తన అక్రోట్లన్నీ తెచ్చి పోసింది. ఊటనీళ్లలో అల్లం నానబెట్టి వెచ్చగా తాగించారు. అవ్వ అందరికీ దణ్ణం పెట్టి తింది. కానీ ఎలుగుబంటి ఆకలికి అవి ఏ మూలకు?

"ఇలాగైతే మన తిండీ అయిపోతుంది, అవ్వా దక్కదు" అంది ముసలి కస్తూరి జింక. "ఆమె మళ్లీ నిద్రపోవాలి. ఇంకో దారి లేదు."

మో అవ్వ కళ్లు మూసుకుని చూసింది. నిద్ర రాలేదు. నిద్ర సుఖమెరగదు అంటారు. రాయి మీదైనా వచ్చేస్తుందని దానర్థం. కానీ ఆకలి మేలుకుని కూర్చుంటే పరుపు మీదికి కూడా రాదు.

"నిద్ర పిలిస్తే రాదర్రా" అంది అవ్వ. "ఆవులింత లాగే అదీ పక్కవాళ్ల నుంచి అంటుకోవాలి. ఎవరైనా నా పక్కన పడుకుని హాయిగా నిద్రపోతే నాకూ పట్టొచ్చు."

ముందు కుందేలు పడుకుంది. కుందేళ్లు కళ్లు తెరుచుకుని నిద్రపోతాయి. "నువ్వు నన్నే చూస్తున్నావు తల్లీ, నాకు నిద్రెలా పడుతుంది?" అంది అవ్వ. తర్వాత ముళ్లపంది పడుకుంది. అది ఇటు తిరిగి పడుకునేసరికి అవ్వే లేచి నిలబడాల్సి వచ్చింది. జింకకు గుహలో కాలు నిలవలేదు. ఎలుగుబంటి పక్కన జింకకు నిద్ర పట్టడం అంటే మాటలా? ఎంత వైద్యురాలైనా ఎలుగుబంటి ఎలుగుబంటే.

లియన్ ముందుకు రాబోయింది. హువో ఆమెను ఆపాడు.

"చెడగొట్టింది నేను. నేనే పడుకుంటాను" అన్నాడు.

అంత దిగులులోనూ ఎవరో కిసుక్కున నవ్వారు. హువో పడుకోవడమా? "మరి నీ సాధన?" అని ఒక కోతి అడిగింది. హువో లోయ వైపు చూశాడు. ఈ గుహలో పడుకుంటే ఈ ఏటికి సాధన లేనట్టే. వసంతంలో అడవంతా నోరు తెరుచుకుని చూడటమూ లేనట్టే. అతను తల తిప్పుకుని లోపలికి వెళ్లాడు.

వెళ్లాడు గానీ, నిద్రపోవడం అనుకున్నంత తేలిక కాదు. పడుకోగానే కాలు దానంతటదే ఊగేది. తోక గడ్డిని గీరేది. దగ్గు వచ్చేది. అతను కదిలినప్పుడల్లా అవ్వ కళ్లు తెరిచేది. "ఫర్వాలేదు నాయనా" అనేది. రోజులు గడిచాయి. అవ్వ చర్మం వదులై వేలాడింది. మెడ కింది నెలవంక ముడతలు పడింది. అడవిలో అందరూ గూళ్లలో దాచుకున్న తిండీ అయిపోతోంది. హువో గడ్డిలో ముఖం దాచుకుని ఏడ్చాడు. నిశ్చలంగా ఉండాలని ఎంత గట్టిగా అనుకుంటే ఒళ్లు అంత గట్టిగా గెంతుతానంటోంది.

ఒక మధ్యాహ్నం లియన్ వచ్చింది. గుంట ఉన్న రాతిలో ఊటనీళ్లు తెచ్చి, అల్లం చితక్కొట్టి వేసి, హువో పాదాలు అందులో పెట్టింది. నీళ్లు చల్లారేదాకా పక్కనే కూర్చుంది. తర్వాత తుడిచింది. అతని మెడకు, నడుముకు ఎండునాచు చుట్టింది. వెచ్చని రేగుపళ్లు రెండు నోట్లో పెట్టింది.

"నిద్రపోవాలని తాపత్రయపడకు" అంది. "నీకు వేరే పని చెబుతాను. యాయా నిద్రపోతోంది. నీ గుండె మీద పడుకోబెడతాను. అది లేవకుండా చూసుకో. అంతే."

యాయాను అతని గుండె మీద పడుకోబెట్టి లియన్ వెళ్లిపోయింది.

హువో కదల్లేదు. కాలు ఊగబోయింది. కూతురు లేస్తుందని ఆపుకున్నాడు. దగ్గు వచ్చింది. మింగేశాడు. యాయా ఊపిరి చిన్నది. పిచ్చుక ఊపిరంత ఉంటుంది. దాని పక్కన అవ్వ ఊపిరి పెద్దది. అతను ఆ రెండూ వింటూ ఉన్నాడు. వింటూ వింటూ, తన ఊపిరి ఎప్పుడు వాటితో కలిసిందో అతనికే తెలియలేదు. గుహ బయట మంచు కురుస్తోంది. లోపల ఎండుగడ్డి వాసన వస్తోంది.

హువో ఒక కల కన్నాడు. కలలో అతను మంచు కింద ఉన్నాడు. అక్కడ చలి లేదు. వాగు పడుకుని పారుతోంది, మధ్యమధ్య ఒత్తిగిలుతోంది. దాని ఒడ్డున చెట్ల వేళ్లన్నీ చేరి, తమ రసాన్ని ఒళ్లో పెట్టుకుని, మెల్లగా ముచ్చట్లు చెప్పుకుంటున్నాయి. గింజలు వాటి మాటలకు ఊ కొడుతున్నాయి. ఎవరికీ తొందర లేదు. హువో తన నడుము వైపు చూసుకున్నాడు. అక్కడ రెండు చిన్న గాదెలు ఉన్నాయి. వాటి అడుగున కాసిని నిప్పులు, ఆరడానికి సిద్ధంగా మినుకుమినుకుమంటున్నాయి. మో అవ్వ వచ్చి చేత్తో బూడిద తీసి ఆ నిప్పుల మీద పలుచగా కప్పుతోంది.

"ఆర్పేస్తున్నావా అవ్వా?" అని అడిగాడు హువో.

"పిచ్చివాడా! నివురు గప్పితేనే నిప్పు తెల్లారేదాకా ఉంటుంది" అంది అవ్వ.

హువో కళ్లు తెరిచేసరికి గుహ నిండా ఎండ ఉంది. అది ఏ రోజు ఎండో అతనికి తెలియలేదు. యాయా ఇంకా గుండె మీదే ఉంది. పక్కన గుర్రుమని చప్పుడు వినిపించింది. మో అవ్వ గురక! ఆమె చెయ్యి ఒకటి అతని మీద, యాయా మీద బరువుగా పడి ఉంది. గుహ ముఖం దగ్గర అడవంతా నిలబడి ఉంది. కుందేలు ఆనందం పట్టలేక తన నోరు తనే మూసుకుంది. ముళ్లపంది ముళ్లు గలగలలాడకుండా ఒళ్లు బిగపట్టుకుని నిలబడింది. లియన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

చలికాలం మిగిలినన్నాళ్లూ హువో ఆ గుహలోనే పడుకున్నాడు. ఎండ వచ్చాక లేచి, ఎండకు వీపు పెట్టి కూర్చునేవాడు. లియన్ పెట్టిన వెచ్చని గింజలు తినేవాడు. దగ్గు తగ్గింది. నడుము నొప్పి తగ్గింది. పొగమంచు వచ్చేది, పోయేది. అతనికి మొదటిసారి దాని వంక చూసే తీరిక దొరికింది.

ఒకరోజు గుహ కప్పు నుంచి ఒక నీటిచుక్క రాలింది. దాని వెనకే ఇంకొకటి రాలింది. తర్వాత లోయలో మంచు పగిలి పెద్ద చప్పుడైంది. వసంతం వచ్చింది.

కోతులన్నీ బండ దగ్గర చేరాయి. అవతల లేత చిగుళ్లు ఎండలో మెరుస్తున్నాయి. కింద నీళ్లు హోరుమంటున్నాయి. "హువో! హువో!" అని కోతులు కేకలు వేశాయి. యాయా గబగబా ఎక్కి తండ్రి వీపు మీద కూర్చుంది. మెడ చుట్టూ చేతులు వేసింది.

హువో బండ చివరికి వెళ్లాడు. కేకలు ఇంకా పెరిగాయి. అతని ఛాతీ దానంతటదే పొంగింది. కాళ్లను ఒకసారి వంచి చూసుకున్నాడు. ఫర్వాలేదు, కాస్త బలం వచ్చింది. కానీ చలికాలం సగం దాకా ఊడ్చేసిన గాదె మిగతా సగంలో నిండుతుందా? తన ఒంటి సంగతి అతనికి తెలుసు. దాటితే దాటవచ్చు. దాటకపోనూ వచ్చు. ఒక్కడే అయితే దూకేవాడేమో. కానీ ఆ 'ఏమో' మీద కూతుర్ని కూర్చోబెట్టడానికి అతనికి చేతులు రాలేదు.

హువో వెనక్కి తిరిగాడు. యాయాను వీపు మీంచి దించాడు. అది ఏడుపు మొదలుపెట్టింది. దాన్ని తీసుకెళ్లి లియన్ వీపు మీద కూర్చోబెట్టాడు.

"నేను దూకలేను" అన్నాడు, అందరికీ వినబడేలా.

కేకలు ఆగిపోయాయి. ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు హువో చెవిన పడింది. అతను తల వంచుకున్నాడు. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

'నేను చెప్పలేదూ' అని లియన్ అనలేదు. అనదల్చుకుంటే అనవచ్చు. ఆమె కూతురి చేతులు తన మెడ చుట్టూ సరిగ్గా వేసుకుని, "అవతల ఉంటాం. నడిచి రా" అంది.

లియన్ దూకింది. చలికాలమంతా కూడబెట్టుకున్న బలం ఆ ఒక్క దూకులో కనిపించింది. పోయిన ఏడు హువో దిగిన చోటు దాటి, ఇంకా ముందుకు వెళ్లి దిగింది. కోతులన్నీ నోరు తెరుచుకుని చూశాయి. హువో కూడా చూశాడు.

అతను కొండ చుట్టూ నడక మొదలుపెట్టాడు. అప్పుడే నిద్ర లేచిన మో అవ్వ బక్కచిక్కిన ఒంటితో అదే దారిన వెళుతోంది. ఎలుగుబంట్లు లోయలు దూకవు. ఇద్దరూ కలిసి నడిచారు. అవ్వ ఆగిన చోటల్లా హువో ఆగాడు. దుంపలు తవ్వి ఆమెకు పెట్టాడు.

"అవ్వా, నన్ను ఒక్కమాటైనా తిట్టవేం?" అని అడిగాడు.

"తిట్టాలంటే ఒంట్లో బలం ఉండొద్దూ? అది కాస్తా నువ్వు ఖర్చు పెట్టించావు" అంది అవ్వ. "కాస్త ఒళ్లు చేశాక తీరిగ్గా తిడతాలే."

వాళ్లు అవతలికి చేరేసరికి చిగుళ్లు ముదిరిపోయి ఆకులయ్యాయి. లేతవన్నీ తిన్న కోతులు నిగనిగలాడుతున్నాయి. ఎప్పుడు పడుకోవాలి, ఎప్పుడు లేవాలి, ఏం తినాలి అని లియన్ చుట్టూ చేరి అడుగుతున్నాయి. హువో ఒక వారగా కూర్చుని ముదురాకు ఒకటి తెంపి నమిలాడు. అది చేదుగా ఉంది.

యాయా పరుగెత్తుకుంటూ వచ్చి ఒళ్లో ఎక్కింది.

"నాన్నా, నువ్వెందుకు దూకలేదు? భయమేసిందా?"

"నువ్వు నా వీపు మీద ఉన్నావు కదమ్మా" అన్నాడు హువో.

నీతి: చలికాలంలో దాచుకున్న బలమే వసంతంలో అక్కరకొస్తుంది. విశ్రాంతిని వెక్కిరించినవాడు అవసరం వచ్చిన నాడు వెనకబడిపోతాడు.